పెంటప్ప చద్దర్ల కింది వడ్లు

మా తాత పెంటప్ప ఎవరిని కలిసినా ముందు ముఖం చూడడు, బట్ట చూస్తాడు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు భుజం మీది కండువా అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, "పేక వదులుగ కొట్టిండు" అని చెప్పాకే అక్షింతలు వేస్తాడు. ఒకసారి చావింట్లో శవం మీద కప్పిన గుడ్డ అంచు మీదికి కూడా చెయ్యి పోయింది. మా అవ్వ గంగమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది కాబట్టి పరువు దక్కింది.

ఆయన తొమ్మిదేళ్ల వయసులో నారాయణపేట దిక్కు నుంచి తండ్రి పంచె కొంగు పట్టుకుని సోలాపూర్‌లో దిగాడు. అక్కడి నేతవాళ్ల వాడ దాజీ పేట్‌లో దిగిన మర్నాటి నుంచే పని. నేతగది కిటికీలకు గోనెపట్టాలు కట్టి, అవి ఆరిపోకుండా గంటగంటకూ నీళ్లు చల్లాలి. ఎండగాలి తగిలితే పడుగు పోగులు పటపట తెగిపోతాయి కాబట్టి నేతగది ఎప్పుడూ చల్లగా, చెమ్మగా, కాస్త చీకటిగా ఉండాలి. తరువాత మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆ తరువాత సాంచల మీదికి, అంటే కరెంటు మగ్గాల మీదికి మారి ముప్పై ఐదేళ్లు చద్దర్లనే మందపాటి దుప్పట్లు నేశాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇప్పుడు ఉప్పు అందించమని అడిగినా వీధి చివర కుక్క ఉలిక్కిపడి లేస్తుంది.

లెక్క వేసి చూస్తే, మా తాత జీవితంలో మధ్యాహ్నాలన్నీ గోనెపట్టా వెనకే గడిచాయి. ఎండ గురించి ఆయనకు తెలిసింది ఒకటే: అది పోగును తెంపుతుంది. ఈ ఒక్క ముక్క జ్ఞానం చేతపట్టుకుని పోయినేడు ఆయన వ్యవసాయం చేశాడు.

ఆ వ్యవసాయం ఎక్కడంటే, సోలాపూర్ పక్కనున్న కుంభారిలో మా కొత్తింటి గోడ పక్కన. బీడీ కార్మికులకు కట్టిచ్చిన రాయ్‌నగర్ కాలనీలో ఆ ఇల్లు అవ్వ పేరు మీద వచ్చింది. నలభై ఐదేళ్లు బీడీలు చుట్టింది అవ్వ, ఇల్లు వచ్చింది అవ్వకు, తలుపు మీద పేరు అవ్వది. "ఇది నా ఇల్లు" అని తాత అన్నప్పుడల్లా అవ్వ తలుపు వైపు ఒకసారి చూస్తుంది అంతే. మా ఇల్లు వరుసలో చివరిది. గోడ పక్కన మూడు చద్దర్లు పరిచినంత ఖాళీ జాగా మిగిలింది.

ఆ జాగా మీద అవ్వకు మొదటి రోజు నుంచే కన్నుంది. ఇంట్లో కూర్చుంటే చీకటి, ఆకు మీది ఈనె కనబడదు. గడప ముందు కూర్చుంటే పది దాటేసరికి ఎండ నెత్తిన కూర్చుంటుంది. చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని, ఎండ జరిగినట్టల్లా తానూ జరుగుతూ, పొద్దు వాలేసరికి అవ్వ మా వాకిలి మొత్తం కొలిచేసేది.

"ఏమయ్యా, గా జాగల నాలుగు గుంజలు పాతి మీద ఏదన్న కప్పియ్యరాదు? నీడకు కూసొని చుట్టుకుంట" అని ఏప్రిల్‌లో అడిగింది.

"చూద్దాం" అన్నాడు తాత.

మా ఇంట్లో తాత నోట 'చూద్దాం' అంటే ఇక ఎవరూ చూడనక్కర్లేదని అర్థం.

మే నెలలో నారాయణపేట దిక్కు ఎవరిదో పెళ్లికి పోయి తాత ఒక చిన్న మూట పట్టుకొచ్చాడు. మూట విప్పితే వడ్లు.

"మెట్ట వడ్లు" అన్నాడు, తానే కనిపెట్టినట్టు. "మడి అక్కర్లే, నీళ్లు నిలవెట్టుడు అక్కర్లే. జొన్నల లెక్క పొడినేలల చల్లుడే. వానకే పండుతయ్. మూడున్నర నెలలు, బస్."

"ఎవలు పండిస్తరు?" అంది అవ్వ.

"నేనే. మనం భూమి బిడ్డలం కాదూ?"

మేము ఏ భూమికి బిడ్డలమో నాకైతే తెలియదు. మా వంశంలో నాగలి పట్టినవాడు లేడు. పట్టుకుని ఉంటే అది ఏ చెక్కతో చేశారో, నూలు చుట్టే ఆసు చేసుకోవడానికి పనికొస్తుందో లేదో అడిగేవాళ్లు. ఆ మాట నేను పైకే అన్నాను. తాత చెవులు వినదలచుకోనివి వినవు కాబట్టి బతికిపోయాను.

అయితే ఆయన పట్టుదల వెనక ఒక సంగతుంది. అది ఒక్కసారే చెప్పాడు, అది కూడా అవ్వ అడిగి అడిగి విసిగించాక. ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లమ్మ సద్దుల బతుకమ్మకు పెరుగు సద్ది చేయడానికి బియ్యం కోసం ఆసామి ఇంటికి పోయేది. ఏడాదంతా వాళ్లకు బట్ట నేసినందుకు ఆ రోజు సోలెడు కొత్త బియ్యం పోసేవాళ్లు. కానీ అందరికీ పోశాక పోసేవాళ్లు. ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టినా వాళ్లమ్మ ఖాళీ పళ్లెంతో ఆ గడపలోనే నిలబడి ఉండేది. ఆ కొంగు పట్టుకుని నిలబడినవాడు పెంటప్ప.

"ఒక్కసారి మన సద్దిల మన బియ్యం పడాలె" అన్నాడు. "నేను సచ్చేలోపల."

అవ్వ కొంచెం మెత్తబడింది. పూర్తిగా మెత్తబడితే ఆమె గంగమ్మే కాదు.

"సరే. సద్దుల బతుకమ్మ దాకా జాగ నీకిస్త. ఆ నాటికి సోలెడు బియ్యం నా చేతుల పోస్తే జాగ నీదే. ఎన్నేండ్లన్న పండించుకో. పొయ్యకపోతే నాలుగు గుంజలు పాతి నాకు నీడ వెయ్యాలె. అప్పుడు చూద్దాం గీద్దాం అంటే ఊకోను."

ఈ ఒప్పందానికి సాక్షి బాలయ్య. అవ్వకు వరుసకు తమ్ముడు, తాతతో కలిసి ఒకే కార్ఖానాలో సాంచలు నడిపినవాడు. ఇప్పటికీ దాజీ పేట్‌లోనే ఉంటాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చేది అక్కను చూడటానికని చెబుతాడు గానీ, బావతో తిట్టించుకోకపోతే ఆయనకు వారం గడవదు. బాలయ్య నేతను తాత నలభై ఏళ్లుగా 'జల్లెడ' అనే పిలుస్తాడు. "వీడు నేసిన చద్దర్ కప్పుకుంటె దోమలు లైను కట్టి లోపలికొస్తయ్" అంటాడు. బాలయ్య నవ్వుతాడు. అసలు నవ్వును మాత్రం నలభై ఏళ్లు దాచుకున్నాడని మాకు తరువాత తెలిసింది.

జూన్‌లో తొలి వాన పడగానే తాత విత్తాడు. రెండు చివరలా పుల్లలు గుచ్చి, వాటి మధ్య నూలు లాగి, ఆ నూలు వెంట ఒక్కో గింజ పెట్టుకుంటూ పోయాడు. సాలుకు సాలుకు మధ్య జేనెడు దూరం, వెంట్రుక తేడా లేదు. అది విత్తనం వేస్తున్నట్టు లేదు, పడుగు వేస్తున్నట్టుంది. పక్కింటి చంద్రభాగ అక్క చూసి నవ్వింది కానీ, "ఓళి, వరుస మాత్రం మంచిగ తీసిండ్రు ఆజోబా" అని ఒప్పుకుంది. ఆమె భోర్ దిక్కు కొండ ఊళ్లో పుట్టింది. పెళ్లయి ఇక్కడికి వచ్చి టవల్ కార్ఖానాలో కుట్టుపని చేస్తుంది. ఆజోబా అంటే వాళ్ల మరాఠీలో తాత. మా తెలుగు బాగానే నేర్చింది. కోపం వస్తే మాత్రం మరాఠీలోకి దిగుతుంది.

మొలకలు చక్కగా వచ్చాయి. తాత రోజూ పొద్దున్నే వంగి వాటిని చూసేవాడు. మనవరాలిని, నా చిన్నప్పుడు ఆయన నా కోసం కూడా అంత వంగలేదు.

జూలైలో పది రోజులు వాన ఆగింది. ఎండ కాసింది. మధ్యాహ్నం వేళ ఆకులు సన్నగా చుట్టుకుపోయాయి. బకెట్‌తో నాలుగు నీళ్లు పోస్తే సాయంత్రానికి విప్పుకునేవి. కానీ తాత ఆ చుట్టుకున్న ఆకులను చూసి గుండె పట్టుకున్నాడు.

"పోగులు ఎండుతున్నయ్!" అని అరిచాడు. వీధి చివర కుక్క లేచింది.

ఆ సాయంత్రం నేను కార్ఖానా నుంచి వచ్చేసరికి గోడ పక్కన గుంజలు పాతి ఉన్నాయి. నాలుగు కాదు, ఎనిమిది. వాటి మీద అడ్డకర్రలు, ఆ కర్రల మీద మూడు సోలాపూర్ చద్దర్లు వరుసగా కట్టి ఉన్నాయి. వాటి కింద చీకట్లో వడ్ల మొలకలు హాయిగా ఉన్నాయి. పక్కన వాకిట్లో మా అవ్వ చేట ఒళ్లో పెట్టుకుని, పడమటి ఎండలో, కొంగు నెత్తిన కప్పుకుని బీడీలు చుడుతోంది.

అవ్వ గుంజల వైపు చూసింది, చద్దర్ల వైపు చూసింది, తాత వైపు చూసింది.

"నేనడిగితే గుంజలు దొరకలే" అంది. "గడ్డి అడిగితే దొరికినయా?"

"అది గడ్డి కాదే, పంట."

"నేను పంటను కాదు మరి. నా తల వట్టిగనే పండింది."

తాతకు ఇది వినబడలేదు. నిజంగానే వినబడలేదో, చెవులు సమయానికి పనిచేశాయో నేను చెప్పలేను.

ఆ మూడు చద్దర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. మొదటిది తాత స్వయంగా నేసింది. ఆయన నేతలో ఎంత బిగువంటే సూది గుచ్చితే సూది వంగుతుంది. "సూర్యుణ్ని పట్టుకొచ్చి దీని మీద కూసోవెట్టు, కింద చుక్క వెలుతురు పడితే నా పేరు మార్చుకుంట" అన్నాడు. రెండోది బాలయ్య నేసిన జల్లెడ, ఎప్పుడో మా నాన్న పెళ్లికి బహుమతిగా ఇచ్చింది. మూడోది అవ్వ పెట్టెలోంచి అడక్కుండా తీసినది. వాళ్ల పెళ్లయిన ఏడు తాత నేసి ఇచ్చిన నెమళ్ల చద్దర్. అవ్వ దాన్ని గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నా పెండ్లి చద్దర్ తీసి గడ్డికి కప్పుతవా?" అని లేచి, బీడీలు కట్టే దారం తెంపే కత్తెరతో కట్లు నాలుగూ కత్తిరించి, చద్దర్ దులిపి మడత పెట్టి పెట్టెలో వేసి తాళం వేసింది. తాళంచెవి రవికెలోకి పోయింది. అంతటితో ఆ మూడో వంతు ఎండపాలయింది.

"పోనీ" అన్నాడు తాత, తలలు ఊపుతున్న ఆ మొలకలను చూసి. "అవి సచ్చిపోతె పాపం నీదే."

ఆగస్టు వచ్చేసరికి తాత మొహంలో రాజ్యం గెలిచిన కళ వచ్చింది. ఎందుకంటే తన చద్దర్ కింది వరి ఏపుగా పెరిగింది. నల్లటి ఆకుపచ్చ, వెడల్పాటి ఆకులు, నడుము దాకా ఎత్తు. బాలయ్య చద్దర్ కింది వరి అంతకన్నా జేనెడు పొట్టి. ఎండలో ఉన్నదైతే మరీ అన్యాయం. మోకాలి పైకి కొంచెం, లేత పచ్చ రంగు, దువ్వని జుట్టులా అటూ ఇటూ పరుచుకుని ఉంది.

"చూసినవా?" అని వచ్చినవాళ్లందరి ముందూ జేనలు వేసి కొలిచేవాడు. "నాది ఐదు జేనలు. బాలయ్యది నాలుగు. గంగమ్మది మూడు. చేతి పనితనం ఎటు పోతది?"

వీధిలో సగం మంది ఆ కొలతకు హాజరయ్యారు. పాలవాడు రెండుసార్లు.

చంద్రభాగ అక్క ఒక్కతే ఒప్పుకోలేదు. ఆదివారం బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా చూసి, "ఆజోబా, సావలీ కాఢా! నీడ తీసెయ్యండి" అంది.

"ఎందుకు? మంచిగ పొడుగు పెరగలేదా?"

"అది పెరుగుడు కాదు, ఎలుతురు కోసం మెడ చాపుడు. మా ఊళ్ల కొండ మీద ఇట్లనే పొడినేలల వడ్లు వేస్తం. చెట్టు నీడ పడ్డ దగ్గర ఇట్లనే లేస్తయ్. సన్నగ, పొడుగ్గ, చూస్తే ముచ్చటగ. గింజ ఉండదు. దుబ్బు చూడండి, దుబ్బు. పిలకలెన్ని వచ్చినయో లెక్క పెట్టండి."

"నువ్వు జొన్నరొట్టె తినే మనిషివి. వడ్ల సంగతి నీకేం ఎరుక?"

ఆ మాటతో ఆమె మరాఠీలోకి దిగింది. ఆ వాక్యాలు ఇక్కడ రాయదగినవి కావు.

తాత లెక్క పెట్టకపోతే నేను పెట్టాను. జీవితమంతా పోగులు లెక్కించిన మనిషికి పిలకలు లెక్కించాలని తోచకపోవడం నాకు అంతుపట్టలేదు. అవ్వ భాగంలో ఒక్కో దుబ్బుకు పన్నెండు పిలకలున్నాయి. బాలయ్య చద్దర్ కింద ఏడు. తాత చద్దర్ కింద మూడు, కొన్నిచోట్ల రెండు. ఆ అంకెలు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను.

"పదో తరగతి లెక్కలల్ల తప్పినదానివి, నువ్వు నాకు లెక్క చెప్తవా?" అన్నాడు.

"పన్నెండు దాకా వచ్చు తాతా."

"పోగు తక్కువున్నా బలం ముఖ్యం పోరీ. చూస్తుండు."

బలం సంగతి సెప్టెంబరులో బయటపడింది. ఎండలో ఉన్న పొట్టి వరి ముందుగా వెన్ను తీసి కంకి వేసింది. బాలయ్యది తరువాత. తాతది పది పన్నెండు రోజులు ఆలస్యం. వెన్ను తీసిన వారంలోనే గాలివాన వచ్చింది. ఎండలో పెరిగినది కొంచెం వంగి లేచి నిలబడింది. తాత చద్దర్ కింద పెరిగినది మాత్రం తెగిన పడుగులా నేల మీద పడుకుంది.

ఇక్కడ ఇంకెవరైనా ఏడ్చేవారు. మా తాత నూలు ఉండ తెచ్చాడు. ఒక్కో కంకి లేపి, వెదురుపుల్లకు ఆనించి, పోగు తెగితే వేసే ముడి వేసి కట్టాడు. రెండు రోజులు కట్టాడు. అన్ని ముడులూ ఒకే కొలత, ఒకే వరుస. అంత అందంగా పడిపోయిన పంట జిల్లాలో ఇంకెక్కడా ఉండదు. బాలయ్య ఆ ఆదివారం వచ్చి చూసి, "బావా, అతుకులు మస్తుగ వేసినవ్. సాంచ నడుపుదామా?" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి తాత చద్దర్ కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు. ఒక గింజ తెంపి రెండు వేళ్ల మధ్య నొక్కాడు. వేళ్లు కలిసిపోయాయి. ఇంకొకటి నొక్కాడు. మళ్లీ కలిసిపోయాయి. మూడోది నోట్లో వేసుకుని కొరికి, పొట్టు ఊశాడు. తరువాత పాక్కుంటూ అవ్వ భాగంలోకి పోయి అక్కడొక గింజ నొక్కాడు. దానిలోంచి పాలు వచ్చి గోటి మీద తెల్లగా నిలిచాయి. ఆయన ఆ గోటినే చూస్తూ చాలాసేపు ఉన్నాడు. ఒక మనిషి బట్ట కాకుండా ఇంకొకదాన్ని అంతసేపు చూడటం నేను అప్పుడే చూశాను.

లేచి తన చద్దర్ ముడి విప్పాడు. ఒక కొస కిందికి జారింది. పొట్టుకంకుల మీద ఎండ పడింది. సరిగ్గా అప్పుడే చంద్రభాగ అక్క బిందెతో బయటికి వచ్చింది. తాత ఏమీ జరగనట్టు కొసను పైకి లాగి మళ్లీ కట్టేశాడు. ఆ ఒక్క బిందె బయటికి రాకుండా ఉంటే కథ మారేదా అని అడిగితే, మారేది కాదు. అప్పటికే ఆలస్యమైపోయింది. కానీ ఆయన మాత్రం నీడ తప్పని తెలిసి కూడా దాన్ని ఇంకో రెండు వారాలు కాపాడాడు. పరువుకు ఎండ తగలకూడదు కదా.

సద్దుల బతుకమ్మకు మూడు రోజుల ముందు కోశారు. బాలయ్య సాక్షిగా ఒక రోజు ముందే దిగాడు. ఆరబెట్టి, మూడు కుప్పలు వేరువేరుగా కొట్టి, మూడు చేటల్లో పోశారు. చేటలన్నీ అవ్వ బీడీల చేటలే. తూర్పారబట్టడానికి చంద్రభాగ అక్క కూర్చుంది, తాతతో మాట్లాడకుండా.

ముందు తాత కుప్ప. చేట నిండా ఉంది, చూడటానికి ఘనంగా. ఆమె ఒకసారి ఎగరేసింది. సగం గాలికి పోయింది. రెండోసారి ఎగరేసింది. బాలయ్య మొహం నిండా పొట్టు. మూడోసారికి చేట అడుగున గుప్పెడు గింజలు మిగిలాయి. అన్నీ కలిపితే ఒక పిట్టకు ఒక పూట మేత.

అందరూ వంగి చేట అడుగుకు చూశారు. పాలవాడు కూడా.

బాలయ్య చద్దర్ కిందివి సోలకు సగం వచ్చాయి. అవ్వ భాగంలోవి ఎగరేస్తుంటే గింజ గింజా చేటలోకి టకటకమని తిరిగి పడింది. చంద్రభాగ అక్క రోట్లో దంచి, చెరిగి, కొలిచింది. సోల నిండి, మీద రాశి నిలిచింది.

అప్పుడు బాలయ్య నలభై ఏళ్ల నవ్వు బయటికి తీశాడు.

"బావా, నీ చద్దర్ కింద గుప్పెడు. నా జల్లెడ కింద అరసోల. ఇప్పుడు చెప్పు, ఎవని నేత మంచిది?"

"చద్దర్ కప్పుకోవడానికిరా, వడ్లు పండించడానికి కాదు!"

"మరి నువ్వే కదా కప్పినవ్? నువ్వు ఇంకొంచెం పనిదొంగవైతే ఇంకొంచెం పండేటివి. చేతి పనితనం ఎటు పోతది?"

తాత అతనికి వీపు తిప్పాడు. సోలను రెండు చేతులా ఎత్తుకుని అవ్వ ముందుకు పోయాడు.

"సోలెడు అన్నవ్. ఇగో సోలెడు. జాగ నాది."

"ఎవలి వడ్లు అవి?" అంది అవ్వ.

"విత్తనం నేను తెచ్చిన. విత్తింది నేను. నీళ్లు పోసింది నేను."

"ఎండ ఎవలిచ్చిండ్రు?"

తాత నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చేదానికి వీధి చివర కుక్క సిద్ధంగా ఉంది. దాని బదులు సోల ఇంకొంచెం ముందుకు వచ్చింది.

"నా చద్దర్ నేను గుంజుకుంటే కదా అవి బతికినయ్" అంది అవ్వ. "నువ్వు కప్పినవన్నీ పొట్టే అయినయ్. కప్పనివే పండినయ్. నీ లెక్క ప్రకారం సచ్చిపోతే పాపం నాదన్నవ్. పండితే పుణ్యం నీదా?"

సాక్షి అయిన బాలయ్య తీర్పు చెప్పబోయాడు. అవ్వ చేయి ఎత్తి ఆపింది. సోల అందుకుంది. గింజలను అరచేతిలో పోసుకుని చూసింది. కొంచెం ఎర్రగా, పొట్టిగా, అక్కడక్కడ విరిగి ఉన్నాయి. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను గానీ, ఆమె ఆ గింజలను చెంగులో పోసుకుని ముడి వేసుకుంది. దుకాణం బియ్యాన్ని ఎవరూ అట్లా ముడి వేసుకోరు.

"సద్ది అయితే చేస్త" అంది. "మీ అమ్మ పేరు మీద ముందొక ముద్ద తీసి పెడ్త. జాగ సంగతి పండుగ అయినంక."

సద్దుల బతుకమ్మ నాడు అవ్వ పెరుగు సద్ది కలిపింది. కాలనీ ఆడవాళ్లంతా ఆడి పాడి సద్దులు పంచుకునేటప్పుడు మా సద్ది ఒక్కొక్కరికీ చెంచాడే వచ్చింది. తాత మగవాళ్లలో కూర్చోకుండా పంపకం దగ్గరే నిలబడి, ప్రతి ఒక్కరికీ, "మావే, మావే, మేం పండించినయ్" అని చెప్పాడు. 'నేను' అనలేదు, 'మేం' అన్నాడు. యాభై ఏళ్ల కాపురంలో తాత నుంచి అవ్వకు దక్కిన భూమి హక్కు ఆ ఒక్క మాటే. ఆఖరికి ఆయన వంతు వచ్చేసరికి గిన్నె అడుగే మిగిలింది. వేలితో తుడుచుకుని తిన్నాడు. తిని, కళ్లు తుడుచుకుని, మిరపకాయ ఘాటు అన్నాడు. పెరుగు సద్దిలో ఆ రోజు మిరపకాయ వేయలేదు.

మర్నాడు పొద్దున అవ్వ లేచి బయటికి వచ్చేసరికి గోడ పక్కన నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. వరికొయ్యలు పీకేసి, పేడతో అలికి, దాని మీద చాప వేసి ఉంది. గుంజలు అక్కడే ఉన్నాయి. పైన తాత తన చద్దర్‌ను నాలుగు మూలలా బిగించి, డోలు చర్మంలా లాగి కట్టాడు. కింద అవ్వ చేట, ఆకుల కట్ట, తంబాకు డబ్బా వరుసగా పెట్టాడు. తాను గోడకు ఆనుకుని వేరే ఎటో చూస్తున్నాడు.

"ఎండ పడే మూడో వంతు మాత్రం నేను దున్నుకుంట" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "ఈ పక్క నీది. కూసో. చుక్క వెలుతురు పడదు."

అవ్వ తల ఎత్తి చద్దర్‌ను చూసింది. ఏప్రిల్ నుంచి ఆరు నెలలకు వచ్చిన నీడ అది. లెక్కకు ఆరు నెలలే. నిజానికి ఆమె అడుగుతున్నది అంతకన్నా చాలా ముందు నుంచి. పోయి కూర్చుంది. చేట ఒళ్లో పెట్టుకుంది. ఒక ఆకు తీసి, కళ్లకు దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, మళ్లీ దగ్గరగా పెట్టి చూసింది. కత్తెర తీసింది. కింద పెట్టేసింది.

"ఏమయ్యా."

"ఏందే?"

"ఏం కనవడుత లేదు. ఆకు ఎటో ఈనె ఎటో తెలుస్తలేదు. చీకటిగుంది."

"మంచి నేత మరి" అన్నాడు తాత, కొంచెం గర్వంగానే.

"మంచిదే. అది తీసి నా తమ్మునిది కట్టు."

బాలయ్య ఇంకా ఇంటికి పోలేదు. లోపల చాయ్ తాగుతున్నవాడు, చాయ్ గ్లాసు పట్టుకునే బయటికి వచ్చి గడపలో నిలబడ్డాడు. చాయ్ ఊదుకుంటూ బావనే చూశాడు.

తాత నన్ను స్టూలు పట్టుకోమన్నాడు. ఎక్కి, తన చద్దర్ ముడులు ఒక్కొక్కటీ విప్పి, దులిపి, మడిచి నా చేతికి ఇచ్చాడు. జల్లెడను అందుకుని కట్టాడు. ఎండ దాని సందుల్లోంచి జారి అవ్వ చేట మీద, ఆకుల మీద, తెల్లజుట్టు మీద నువ్వుగింజల్లా పడింది. అవ్వ ఆకు తీసి కత్తిరించడం మొదలుపెట్టింది.

స్టూలు దిగేముందు తాత చద్దర్ అంచును రెండు వేళ్ల మధ్య పట్టి నలిపాడు.

"పేక వదులుగ కొట్టిండు" అన్నాడు.

"దిగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్" అంది అవ్వ.